ది రికార్డ్స్: "షేడ్స్ ఇన్ బెడ్", అమెరికా అట్టలో వచ్చింది, రెండూ ఒకటేనా?

కోల్చెస్టర్_కుర్రాడు
మొన్న ఆదివారం మా ఊళ్లో రికార్డ్ ఫెయిర్. ఒకాయన స్టాల్ మీద రెండు ఎల్పీలు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకటి బ్రిటన్ బ్యాండ్ ది రికార్డ్స్ వాళ్ల "షేడ్స్ ఇన్ బెడ్", 1979, వర్జిన్ కంపెనీది, 8 పౌండ్లు. రెండోది అమెరికా నుంచి తెప్పించాడట. అట్ట వేరు, ఆల్బమ్ పేరు కూడా "ది రికార్డ్స్" అనే ఉంది, 30 పౌండ్లు. "ఇది వేరే ఆల్బమ్, ఈ దేశంలో రాలేదు" అంటాడు. తిప్పి చూస్తే పాటల పేర్లు చాలావరకు అవే. అడిగితే "వెర్షన్లు వేరు" అని మాట మార్చాడు. ఫోన్లో చూద్దామంటే ఈ బ్యాండ్ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి. "ది రికార్డ్స్ రికార్డ్" అని కొడితే లోకంలో ఉన్న పాత ప్లేట్లన్నీ వస్తాయి గానీ వీళ్లు రారు. ఏదీ కొనకుండా వచ్చేశా. ఆయన వచ్చే నెల మళ్లీ వస్తాడు. "స్టారీ ఐస్" ఒక్కటే విన్నాను, అప్పట్నుంచి అదే తిరుగుతోంది బుర్రలో. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సూదిమొన
ఒకే పెళ్లికి రెండు శుభలేఖలు కొట్టించారంతే. బ్రిటన్‌లో "షేడ్స్ ఇన్ బెడ్". అమెరికాలో అట్ట మార్చి, పాటల వరస మార్చి, బ్యాండ్ పేరే ఆల్బమ్‌కి పెట్టి వదిలారు. 8 పౌండ్లది తీసుకో. మిగిలిన 22కి బిర్యానీ తిను.

డాలర్_డబ్బా
30 పౌండ్లా! ఇక్కడ న్యూజెర్సీలో ఆ అమెరికా కాపీని నేల మీద పెట్టే పెట్టెల్లోంచి ఏరుకుంటాం. అరుదేమీ కాదు. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 41 దాకా వెళ్లింది, "స్టారీ ఐస్" సింగిల్ 56 దాకా వెళ్లింది. అంటే అచ్చు గట్టిగానే వేశారు. ఆ తర్వాత మిగిలిన సరుకుని అట్ట మూల కోసేసి చవగ్గా వదిలించుకున్నారు. నా దగ్గరున్న దానికి కుడి మూల రంపం కోత ఉంది. ఆ స్టాల్ ఆయన కాపీకి అట్ట మూలలో కోత గానీ చిల్లు గానీ ఉందేమో చూడాల్సింది.

కోల్చెస్టర్_కుర్రాడు
@డాలర్_డబ్బా కోత ఉందండీ! ప్యాకింగ్‌లో చిరిగిందని చెప్పాడు.

డాలర్_డబ్బా
హహహ. రంపంతో చింపే ప్యాకింగ్ ఎక్కడుంది నాయనా. దాన్ని కటౌట్ అంటారు. కంపెనీ కేటలాగ్‌లోంచి తీసేసిన సరుకు, షాపువాడు పూర్తి ధరకి తిప్పి పంపకుండా కోత పెట్టి సగం ధరకో పావు ధరకో అమ్మేవాళ్లు. లోపల ప్లేటుకి ఏం కాదు, నిక్షేపంలా మోగుతుంది. కానీ దానికి 30 అడగడం దోపిడీ.

కోఠీ_కలెక్టర్
మీరందరు 8 పౌండ్లు 30 పౌండ్లు అని కొట్లాడుతున్రు. హైదరాబాద్‌ల కూసోని తెప్పిస్తే ప్లేటు ధర ఒకటి, షిప్పింగ్ రెండు, కస్టమ్స్ మూడు. గీ బ్యాండు నాకు మస్తిష్టం గానీ ఇంకా సీడీతోనే నడిపిస్తున్న.

ఎసెక్స్_ఏలూరు
ఈ బ్యాండ్ పుట్టుక గురించి ఎవరూ చెప్పలేదు, మా పక్క ఊరు కాబట్టి నేనే చెబుతా. సౌతెండ్‌లో సముద్రం ఒడ్డున కర్సాల్ అని గోపురం ఉన్న పాత వినోదశాల ఉంది. దాని పేరు మీద 70ల్లో కర్సాల్ ఫ్లయర్స్ అని ఒక పబ్ రాక్ (పబ్బుల్లో వాయించే సాదా రాక్) బ్యాండ్ ఉండేది. 1976లో "లిటిల్ డజ్ షీ నో" అనే పాట బ్రిటన్ చార్టులో 14 దాకా వెళ్లింది. అందులో డ్రమ్స్ విల్ బర్చ్. గిటారిస్ట్ గ్రేమ్ డగ్లస్ ఎడ్డీ అండ్ ది హాట్ రాడ్స్ అనే బ్యాండ్‌లోకి వెళ్లిపోయాడు, తర్వాత ఫ్లయర్స్‌లోకి జాన్ విక్స్ వచ్చాడు. ఫ్లయర్స్ మూతపడ్డాక బర్చ్, విక్స్ ఇద్దరూ కలిసి పాటలు రాసుకుంటూ 1978లో ది రికార్డ్స్ మొదలెట్టారు. గిటార్ హ్యూ గోవర్, బేస్ ఫిల్ బ్రౌన్. పాడేది ఎక్కువగా విక్స్, మాటలు రాసేది డ్రమ్మర్ బర్చ్.

పాప్_పంతులు
@ఎసెక్స్_ఏలూరు గ్రేమ్ డగ్లస్ పోయి ఊరుకోలేదు, హాట్ రాడ్స్‌కి "డూ ఎనీథింగ్ యూ వాన్నా డూ" రాయడంలో చెయ్యి వేశాడు. 1977లో అది టాప్ 10లో ఉంది. అంటే ఫ్లయర్స్ విడిపోవడం వల్ల రెండు గొప్ప పాటలు పుట్టాయి: అదొకటి, "స్టారీ ఐస్" ఇంకొకటి. విడిపోవడం మంచిదే ఒక్కోసారి.

మద్రాస్_మోనో
"స్టారీ ఐస్" ప్రేమపాట అనుకుని మా ఆవిడకి వినిపించాను పెళ్లైన కొత్తల్లో. నక్షత్రాల కళ్లు అంటున్నాడు కదా అని. ఆవిడ శ్రద్ధగా మాటలు విని "ఇందులో జడ్జి ఎందుకున్నాడు?" అంది.

సూదిమొన
అది ప్రేమపాట కాదు మోనో గారూ, మేనేజర్ మీద తిట్ల దండకం. బ్యాండ్‌ని ఇంగ్లండ్‌లో గాలికొదిలేసి ఆయన ఫ్రాన్స్ చెక్కేశాడన్న కోపం. అంత కడుపుమంటని అంత తియ్యటి ట్యూన్‌లో పెట్టాడు చూడండి విక్స్, అక్కడే ఉంది కిటుకు. అరవకుండా, హాయిగా కోరస్ కట్టి మరీ తిట్టాడు.

మద్రాస్_మోనో
అందుకే మా ఆవిడ ఆ రోజు నుంచి నా ప్లేట్లన్నిటినీ అనుమానంగా చూస్తోంది.

కోల్చెస్టర్_కుర్రాడు
మేనేజర్ సంగతి తెలియక నేను కూడా ఎవరో అమ్మాయి గురించే అనుకున్నా. సరే, ఆ సింగిల్‌లో ఉన్నదీ ఆల్బమ్‌లో ఉన్నదీ ఒకటేనా? స్టాల్ ఆయన "సింగిల్ దొరికితే ఇల్లు అమ్మి అయినా కొను" అన్నాడు.

నలభై_అయిదు
నా పేరు చూసి నా పక్షం ఏదో తెలిసే ఉంటుంది. సింగిలే అసలు సరుకు. 1978 చివర్లో వాళ్లే సొంతంగా అచ్చు వేయించారు, లేబుల్ పేరు "ది రికార్డ్ కంపెనీ". (పేర్లు పెట్టడంలో ఈ జనానికి అంత వెటకారం.) బి సైడ్‌లో "పెయింట్ హర్ ఫేస్". అది విన్నాకే వర్జిన్ వాళ్లు సంతకం పెట్టించుకున్నారు. 7 అంగుళాల ప్లేటు నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది కాబట్టి పాటకి దొరికే గాడి పొడవు ఎక్కువ, అందుకే గిటార్ అలా గణగణమంటుంది. ఎల్పీలో 33 మీద లోపలి వైపు వచ్చిన పాటలు కాస్త నీరసపడతాయి. ఇల్లు అమ్మక్కర్లేదు గానీ దొరికితే వదలొద్దు.

సూదిమొన
@నలభై_అయిదు మళ్లీ మొదలెట్టాడు. బాబూ, మంచి కట్టింగ్ (గాడి చెక్కడం), మంచి ముల్లు ఉంటే ఎల్పీలోనూ గణగణమంటుంది. తేడా 45, 33 వల్ల కాదు, మీ ఇంట్లో ముల్లుని పట్టుకునే ఆ పాత సిరామిక్ కాట్రిడ్జ్ వల్ల.

నలభై_అయిదు
సిరామిక్ పీకేసి చాలాకాలమైంది. చెవులు ఉన్నవాళ్లు విని తేల్చుకుంటారు.

లాంగ్‌ప్లే_లక్ష్మి
మీ ఇద్దరూ పక్క దారంలో కొట్టుకోండమ్మా. కుర్రాడు అసలు చూసుకోవలసింది వేరే ఉంది. "షేడ్స్ ఇన్ బెడ్" మొదటి కాపీలతో పాటు "హై హీల్స్" అని ఒక బోనస్ ఈపీ (నాలుగు పాటల చిన్న ప్లేటు) వచ్చింది. నాలుగూ వేరేవాళ్ల పాటలే: కింక్స్ "సీ మై ఫ్రెండ్స్", స్పిరిట్ "1984", రోలింగ్ స్టోన్స్ "హ్యావ్ యూ సీన్ యువర్ మదర్ బేబీ", ఇంకొకటి ఒహాయో బ్యాండ్ బ్లూ యాష్ వాళ్ల "అబ్రకడబ్రా". ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో సగం కాపీల్లో అది ఉండదు, పాత యజమానులు ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటారు. ఆ 8 పౌండ్ల అట్టలో అది ఉంటే కళ్లు మూసుకుని కొను. లేకపోతే 5కి బేరమాడు.

పాప్_పంతులు
బ్లూ యాష్‌ని ఎంచుకోవడం చూస్తేనే వీళ్ల రుచి తెలుస్తుంది. 1973లో బ్లూ యాష్ ఆల్బమ్ అమెరికాలోనే ఎవరూ కొనలేదు, వీళ్లు ఎసెక్స్‌లో కూర్చుని దాన్ని పట్టుకున్నారు. పవర్ పాప్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు చేసే పని అది.

రాయచోటి_రికార్డు
పవర్ పాప్ అంటే ఏందప్పా అసలు? ప్రతివాడూ అంటాడు, ఎవురూ చెప్పరు. బీటిల్స్ మాదిరి ట్యూను, ది హూ మాదిరి గిటారు, అంతేనా?

పాప్_పంతులు
@రాయచోటి_రికార్డు దాదాపు అంతే. ఆ మాట 1967లో ది హూ వాళ్ల పీట్ టౌన్‌షెండ్ తమ సంగీతం గురించి వాడాడు. తర్వాత బ్యాడ్‌ఫింగర్, రాస్‌బెర్రీస్, బిగ్ స్టార్ ఇలా సాగింది. మూడు నిమిషాల పాట, గట్టి గిటార్, గొంతుల కలయిక, విన్న వెంటనే పట్టుకునే పల్లవి. అయితే బ్రిటన్‌లో 1978 మొదట్లో పత్రికలు దీన్ని పంక్ తర్వాత వచ్చే గొప్ప సంగతిగా ఊదరగొట్టి, ఆరు నెలలు తిరక్కుండానే వెక్కిరించడం మొదలెట్టాయి. ది రికార్డ్స్ ఆల్బమ్ వచ్చేసరికి ఆ ముద్ర ఇంగ్లండ్‌లో బరువైపోయింది. అమెరికాలో మాత్రం 1979 అంటే ఇదే బాపతు పాట "మై షరోనా" నంబర్ 1 అయిన ఏడాది. అందుకే అక్కడ ఎక్కింది, ఇక్కడ "స్టారీ ఐస్" చార్టులో అడుగు పెట్టలేదు.

ఎసెక్స్_ఏలూరు
పత్రికల మీద నెట్టేయడం సులువే పంతులు గారూ. మరి అదే పత్రికల దెబ్బ తిన్న మిగతావాళ్లు? ది వేపర్స్ 1980లో "టర్నింగ్ జాపనీస్"తో 3 దాకా వెళ్లలేదా? ది మోటర్స్ "ఎయిర్‌పోర్ట్" 1978లో 4 దాకా వెళ్లలేదా, అదీ ఇదే వర్జిన్ నుంచే? నా లెక్కలో ది రికార్డ్స్‌కి ముఖం లేదు. డ్రమ్మర్ మాటలు రాస్తాడు, పాడేవాడు సిగ్గరి, ఫోటోలో నలుగురూ బ్యాంక్ గుమాస్తాల్లా ఉంటారు. పాట బాగుంటే సరిపోదు, పాడేవాడిని జనం గుర్తుపట్టాలి.

లాంగ్‌ప్లే_లక్ష్మి
బ్యాంక్ గుమాస్తాల్లా ఉంటే తప్పేంటండీ? నేను బ్యాంక్‌లోనే చేస్తా.

ఎసెక్స్_ఏలూరు
ఆయ్, మిమ్మల్ని అనలేదండీ బాబూ. మీ బ్యాంక్‌ని కూడా అనలేదు.

డాలర్_డబ్బా
వేపర్స్ అంటే గుర్తొచ్చింది, వాళ్లని మేనేజ్ చేసిన ఇద్దరిలో ఒకాయన ది జామ్ బేసిస్ట్ బ్రూస్ ఫాక్స్‌టన్, ఇంకొకాయన అదే జామ్‌లో పాడే పాల్ వెల్లర్ నాన్న. వేపర్స్‌లో పాడే డేవిడ్ ఫెంటన్ తర్వాత లాయర్‌గా పనిచేశాడు. మోనో గారి ఆవిడ ప్రశ్నకి జవాబు దొరికింది: లాయర్లు ఈ సంగీతంలో అన్నిచోట్లా ఉన్నారు.

కోఠీ_కలెక్టర్
😂😂

మద్రాస్_మోనో
చూపించాను. నవ్వలేదు.

గుంటూరు_గిటారు
పాటల గురించి ఇంత మాట్లాడి రికార్డింగ్ గురించి ఒక్కరూ అనలేదు. ఆ మొదటి ఆల్బమ్ ప్రొడ్యూసర్లు ఇద్దరూ ఎవరో తెలుసా? ఒకరు మట్ లాంగ్. అదే 1979లో ఏసీ/డీసీ "హైవే టు హెల్", తర్వాత ఏడాది "బ్యాక్ ఇన్ బ్లాక్" చేసినాయన. డెఫ్ లెపర్డ్ "హిస్టీరియా" కూడా ఆయనదే. రెండోవాడు టిమ్ ఫ్రీస్-గ్రీన్. 1982లో టైట్ ఫిట్‌తో "ది లయన్ స్లీప్స్ టునైట్" నంబర్ 1 కొట్టించి, అక్కణ్నుంచి టాక్ టాక్ అనే బ్యాండ్‌తో చేరి ఎవరూ ఊహించని సంగీతం చేశాడు. ఈ రెండు తలకాయలూ ఒక పబ్ రాక్ బ్యాండ్ చిట్టి ఆల్బమ్ మీద పనిచేశాయి. "టీనరామా" హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గొంతులు పొరలు పొరలుగా పేర్చడం ఎంత ఖరీదుగా వినిపిస్తుందో!

సూదిమొన
ఆ ఖరీదే నాకు నచ్చదు. మరీ పాలిష్. రెండో ఆల్బమ్ "క్రాషెస్" ఇంకా బతికున్న రికార్డు.

గుంటూరు_గిటారు
"క్రాషెస్" మొదటిదానికంటే మెరుగా?? ఇంకోసారి అను.

సూదిమొన
అంటాను. "క్రాషెస్" మెరుగు. "హార్ట్స్ ఇన్ హర్ ఐస్" ఒక్క పాట చాలు. దానికి తోడు "రూమర్ సెట్స్ ది వుడ్స్ అలైట్", "గర్ల్ ఇన్ గోల్డెన్ డిస్క్", "ద సేమ్ మిస్టేక్స్". మొదటి ఆల్బమ్‌లో "ద ఫోన్", "ఇన్సోమ్నియా" దగ్గర నేను లేచి టీ పెట్టుకుంటా. ఇందులో లేవను.

గుంటూరు_గిటారు
"ఇన్సోమ్నియా" దగ్గర లేచి టీ పెట్టుకోవడం సబబే గదా, నిద్ర పట్టనివాడు చేసే పని అదే. కానీ హ్యూ గోవర్ లేని ది రికార్డ్స్‌ని నేను ఒప్పుకోను. "స్టారీ ఐస్"లో ఆ గిటార్ మెరుపు అతనిదే. "క్రాషెస్"కి ముందే అతను వెళ్లిపోయాడు, న్యూయార్క్ వెళ్లి గాయకుడు డేవిడ్ జొహాన్సెన్‌తో వాయించాడు. అతని చోట జూడ్ కోల్ అని కుర్ర అమెరికన్ వచ్చాడు.

డాలర్_డబ్బా
ఆ కుర్ర అమెరికన్‌ని చులకన చేయకండి! మూన్ మార్టిన్ బ్యాండ్‌లోంచి వచ్చాడు, బాగా వాయిస్తాడు, బాగా పాడతాడు. 1990లో "బేబీ ఇట్స్ టునైట్" ఇక్కడ టాప్ 20లోకి వెళ్లింది. తర్వాత నటుడు కీఫర్ సదర్లాండ్‌తో కలిసి ఐరన్‌వర్క్స్ అని రికార్డ్ కంపెనీ పెట్టాడు. అంటే బ్యాండ్‌లో అందరికంటే ముఖం ఉన్నవాడు ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోయాడు. @ఎసెక్స్_ఏలూరు మీ లెక్క ప్రకారం అతన్ని పట్టి ఉంచాల్సింది.

ఎసెక్స్_ఏలూరు
అదే నేను చెప్పేదీ!

పాప్_పంతులు
"హార్ట్స్ ఇన్ హర్ ఐస్" గురించి ఒక ముక్క. దాన్ని ముందు పాడింది ది రికార్డ్స్ కాదు, ది సెర్చర్స్. 60ల్లో "నీడిల్స్ అండ్ పిన్స్" పాడిన లివర్‌పూల్ వాళ్లే. 1979లో సైర్ లేబుల్‌కి కొత్త ఆల్బమ్ చేస్తూ బర్చ్, విక్స్ రాసిన ఈ పాట తీసుకున్నారు. వేల్స్‌లో రాక్‌ఫీల్డ్ స్టూడియోలో రికార్డింగ్. పన్నెండు తీగల గిటార్ మీద పాట నడిచే పద్ధతి సెర్చర్స్ నుంచి అమెరికా బ్యాండ్ బర్డ్స్‌కి వెళ్లి, బర్డ్స్ నుంచి ఈ కుర్రాళ్లకి వచ్చి, తిరిగి సెర్చర్స్ చేతికే చేరింది. నేను రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. సెర్చర్స్‌దే బాగుంది.

సూదిమొన
లేదు.

గుంటూరు_గిటారు
ఈ ఒక్కదాంట్లో పంతులు గారితో కలుస్తా. సెర్చర్స్‌దే.

సూదిమొన
పోండి మీరిద్దరూ.

రాయచోటి_రికార్డు
ఇంతకీ వీళ్లు లైవ్‌లో ఎట్లుంటారో ఎవురైనా చూసినారా? మాకా భాగ్యం లేదు, అందరం పుట్టకముందు కథ.

ఎసెక్స్_ఏలూరు
చూసే వయసు నాకూ లేదు. మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన చూశానని చెప్పేవాడు, 1978 శీతాకాలం ముందు "బీ స్టిఫ్" టూర్‌లో. స్టిఫ్ రికార్డ్స్ వాళ్లు తమ గాయకులందరినీ రైలెక్కించి దేశమంతా తిప్పారు: రెక్‌లెస్ ఎరిక్, లీన్ లవిచ్, జోనా లూయీ, మిక్కీ జప్, ఒహాయో నుంచి వచ్చిన టీనేజ్ పిల్ల రేచల్ స్వీట్. ఆ పిల్ల వెనక వాయించే బ్యాండ్ ది రికార్డ్స్. "వెనక నిలబడిన నలుగురే ఆ రాత్రి బాగా వాయించారు, పేరు మాత్రం ఎవరికీ తెలీదు" అనేవాడు ఆయన.

లాంగ్‌ప్లే_లక్ష్మి
ఆ పిల్ల "ఫూల్ అరౌండ్" ఆల్బమ్ కూడా మంచిదే, చవగ్గా దొరుకుతుంది. కుర్రాడూ, అదే స్టాల్లో చూడు.

కోల్చెస్టర్_కుర్రాడు
రాసుకున్నా. జాబితా పెరుగుతోంది, జీతం పెరగట్లేదు. మూడో ఆల్బమ్ ఒకటి ఉందట కదా, దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

సూదిమొన
"మ్యూజిక్ ఆన్ బోత్ సైడ్స్", 1982. అనకపోవడానికి కారణం ఉంది.

నలభై_అయిదు
రెండు వైపులా సంగీతం ఉందని అట్ట మీదే హామీ ఇచ్చారు. నేను ఒక వైపే విన్నా.

పాప్_పంతులు
మరీ అంత తీసిపారేయకండి. విక్స్ పక్కకి జరిగి, వేరే గాయకుడిని ముందు నిలబెట్టారు. అది అతని బ్యాండ్‌లా వినిపించదు, నిజమే. కానీ పాటలు రాయడం ఇంకా ఉంది. చవగ్గా వస్తే తీసుకోవచ్చు. అదే ఆఖరి ఆల్బమ్, ఆ తర్వాత ఎవరి దారి వారిది. బర్చ్ ప్రొడ్యూసర్ అయ్యాడు, లాంగ్ రైడర్స్ "స్టేట్ ఆఫ్ అవర్ యూనియన్" 1985లో ఆయనే చేశాడు. ఇంకా చెప్పాలంటే రచయితగా ఆయన పేరు ఎక్కువ నిలిచింది: పబ్ రాక్ చరిత్ర మీద "నో స్లీప్ టిల్ కాన్వీ ఐలండ్", తర్వాత గాయకుడు ఇయన్ డ్యూరీ జీవితకథ, 2019లో ఇంకో గాయకుడు నిక్ లో జీవితకథ. మూడూ ఆ రోజుల్లో లోపల ఉన్నవాడు రాసిన పుస్తకాలు. విక్స్ అమెరికాలో స్థిరపడి అదే పేరుతో కొత్త మనుషులతో వాయిస్తూ ఉండేవాడు. 2018లో కాలిఫోర్నియాలో పోయాడు, క్యాన్సర్.

కోఠీ_కలెక్టర్
ఆ వార్త చూసిన రోజు "అప్ ఆల్ నైట్" పెట్టుకొని కూసున్న నేను. సీడీలో. 1988లో వచ్చిన "స్మాషెస్, క్రాషెస్ అండ్ నియర్ మిసెస్" అని సంకలనం, అన్నిట్లకెళ్లి మంచివి ఏరి పెట్టిన్రు. వినైల్ దొరకని మా అసొంటోళ్లకు గదే దిక్కు. అబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒకప్పుడు ఇంగ్లిష్ ఎల్పీలు ఓ మోస్తరుగ దొరికేటివి. ఇప్పుడు ఎవనికన్న నల్ల ప్లేటు దొరికిందంటే దాని మీద గీతలు లెక్కపెట్టకుండనే వేలల్ల ధర చెప్తున్రు.

గుంటూరు_గిటారు
@కోఠీ_కలెక్టర్ తెప్పించుకునేటట్టయితే ఒకటే మాట: అట్టలోంచి ప్లేటు బయటికి తీసి, రెండిటినీ పక్కపక్కన పెట్టి ప్యాక్ చేయమని అడగండి. ప్లేటు లోపలే ఉంటే దారిలో అంచు గుద్దుకుని అట్ట అంచు చీలిపోతుంది. చెప్తే సగం మంది చేస్తారు, మిగతా సగం "సరే" అని చేయరు.

బందరు_బాస్
నాకో అనుమానం. పాత ప్లేట్ల మీద బూజు పట్టింది. సముద్రపు గాలి. స్పిరిట్‌తో తుడవచ్చా?

లాంగ్‌ప్లే_లక్ష్మి
@బందరు_బాస్ ఏ ప్లేట్లు? వినైల్ ఎల్పీలు అయితే డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవచ్చు. లేబుల్ తడవకూడదు. కానీ మీ ఇంట్లో తాతగారి కాలం నాటి 78లు ఉంటే స్పిరిట్ దగ్గరికే రానీయకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరిగిపోతాయి. మా మామయ్య ఒకాయన పద్యాల ప్లేటుని "మెరుస్తుంది" అని స్పిరిట్ దూదితో రుద్దాడు. దూది నల్లబడింది, పద్యం పోయింది. ఆయనకి ఇప్పటికీ ఆ మాట ఎత్తితే కోపం.

బందరు_బాస్
తాతగారి 78లే. బతికించారు తల్లీ.

మోడరేటర్
78ల శుభ్రత గురించి వేరే దారం ఉంది, అక్కడికి రండి. ఇక్కడ ది రికార్డ్స్ గురించే. @నలభై_అయిదు, @సూదిమొన: కాట్రిడ్జ్ గొడవ కూడా ఇక్కడ వద్దు.

కోల్చెస్టర్_కుర్రాడు
ఒక చివరి సందేహం. అమెరికా కాపీ అచ్చు, బ్రిటన్ కాపీ అచ్చు, వినడానికి ఏది మేలు? ధర సంగతి పక్కన పెడితే.

డాలర్_డబ్బా
నా దగ్గర రెండూ ఉన్నాయి. అమెరికాలో వర్జిన్ సరుకు అప్పుడు అట్లాంటిక్ ద్వారా వచ్చేది. ఆ ఆల్బమ్‌ని ఒకచోట కాదు, వేర్వేరు ఫ్యాక్టరీల్లో అచ్చు వేసేవాళ్లు. లేబుల్ మీద నంబర్ చివర ఎస్పీ అని ఉంటే పెన్సిల్వేనియాలో స్పెషాల్టీ వాళ్లది, ఎంఓ అని ఉంటే మొనార్క్. నాది ఎస్పీ. పాట వెనక వినిపించే గరగర తక్కువ, బేస్ కొంచెం ముందుంటుంది. బ్రిటన్ కాపీ పైన ఇంకాస్త తేటగా ఉంటుంది, గిటార్లకి అదే బాగుంటుంది నా చెవికి. కానీ ఇదంతా కాపీ కండిషన్ తర్వాతే. గీతలు పడిన మంచి అచ్చు కంటే శుభ్రంగా ఉన్న మామూలు అచ్చు మేలు. వెలుతురు కింద ఏటవాలుగా పట్టుకుని చూడు. వేలి ముద్రలు పోతాయి, మెరుపు తగ్గి బూడిద రంగు తేలిన గాడి పోదు. అది బరువైన ముల్లు తిన్న గాడి.

గుంటూరు_గిటారు
ఇంకోటి. పాటలయ్యాక లేబుల్‌కి ముందు ఖాళీగా ఉండే చోట గీకి రాసిన నంబర్ చూసుకో. మొదటి కట్టింగా, తర్వాతి కట్టింగా అక్కడే తెలుస్తుంది. అట్ట మీద ఏం రాసినా నమ్మక్కర్లేదు, అమ్మేవాడు ఏం చెప్పినా అసలే నమ్మక్కర్లేదు.

ఎసెక్స్_ఏలూరు
వచ్చే నెల ఫెయిర్‌కి నేనూ వస్తా కుర్రాడూ, కోల్చెస్టర్ నాకు దగ్గరే. "హై హీల్స్" ఉంటే మాత్రం నీకంటే ముందు నా చెయ్యి పడుతుంది, ఇప్పుడే చెప్తున్నా.

కోల్చెస్టర్_కుర్రాడు
దారం మొదలెట్టింది నేను, ప్లేటు మీకా? గేట్లు తీయకముందే వచ్చి నిలబడతా.

రాయచోటి_రికార్డు
పంతులూ, ఆ సెర్చర్స్ ఆల్బమ్ పేరేంది? వెతుక్కుంటా.

పాప్_పంతులు
1979ది పేరు కూడా "ది సెర్చర్స్" అనే. దాని తర్వాత 1981లో రెండోది వచ్చింది. జాగ్రత్త, అదీ ఇదే తంతు: బ్రిటన్‌లో "ప్లే ఫర్ టుడే", అమెరికాలో "లవ్స్ మెలొడీస్". ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి వేర్వేరు ధరలు చెబితే డాలర్_డబ్బా గారికి ఫోటో పంపు.